మా ఆవిడ ఒంట్లో బొంగరాలు లేవు

నేను చక్కెర మిల్లులో చీఫ్ కెమిస్టుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను.

ఈ వాక్యం రాసి, పెన్ను ఆపి, వంటింటి వైపు చూశాను. దగ్గు వినపడలేదు. మా ఆవిడ అటు తిరిగి కరివేపాకు దూస్తోంది, నేనేం రాస్తున్నానో ఆవిడకి కనపడదు. కనపడి ఉంటే దగ్గేది. అందుకని నేనే దిద్దుకుంటున్నాను. చీఫ్ కెమిస్టుని కాదు. మిల్లు ల్యాబులో సీసాలు, గాజు గొట్టాలు కడిగేవాడిగా చేరాను. పదేళ్ళు కడిగాక, చెరుకు రసంలో పంచదార ఎంతుందో కొలిచే పోలారిమీటరు ముందు కూచోబెట్టారు. ఇక అక్కణ్ణుంచి లేవలేదు. ముప్పై నాలుగేళ్ళన్నది మాత్రం నిజం.

ఆ దగ్గు సంగతి ముందే చెప్పాలి. మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పే వేళ ఒకటుంటుంది. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలేదో ఎవరికి వారు లేచి నిలబడి నలుగురికీ చెప్పాలి. నేను లేచానంటే జనం సర్దుకుని కూచుంటారు. ఓసారి ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగుతూ కాలు జారి, కమ్మీ పట్టుకుని నిలదొక్కుకున్నాను. మూడు ఆదివారాలు తిరిగేసరికి ఆ సంగతి, బస్సు చక్రం నా చొక్కా అంచుని తాకుతుండగా కనపడని చెయ్యొకటి నన్ను మెడ పట్టి వెనక్కి లాగిన సంగతిగా తయారైంది. సరిగ్గా ఆ చెయ్యి దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్ళు కూచునే వైపు నుంచి ఒక దగ్గు వచ్చింది. చిన్న పొడి దగ్గు.

"అంటే, చక్రం కొంచెం దూరంలోనే ఉందనుకోండి," అన్నాను.

ఇంకో దగ్గు.

"బస్సు ఆగే ఉంది," అన్నాను.

పాస్టరుగారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో మా ఆవిడ నా మీద ఎత్తిన ఆయుధం ఆ దగ్గొక్కటే. గొడవ పడదు, అలగదు. దగ్గుతుంది. నేను పెంచింది నేనే తగ్గించుకునేదాకా దగ్గుతూనే ఉంటుంది.

కిందటి వానాకాలంలో ఓ రోజు ఆవిడ బజారుకెళ్ళి, ఒక కాలికే చెప్పుతో తిరిగొచ్చింది. ఎడమ కాలి చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియదంది. నేను వెనక్కి వెళ్ళి వెతికితే కూరగాయల దుకాణాల ముందు దొరికింది. అక్కణ్ణుంచి మా ఇంటికి రెండు వీధులు. ఆ రెండు వీధులూ ఆవిడ వట్టి కాలితో గులకరాళ్ళ మీద నడిచింది, కాలికి తెలియలేదు.

విశాఖపట్నం తీసుకెళ్ళాను. డాక్టరు సూదితో అరికాలు గుచ్చి చూశాడు. వెన్నులో నరం ఏదో నలుగుతున్నట్టుంది, ఎక్కడ నలుగుతోందో ఎమ్మారై స్కానింగు తీయకుండా చెప్పలేనన్నాడు. ఆలస్యం చేస్తే కాలు పూర్తిగా చచ్చుబడే ప్రమాదముందని కూడా అన్నాడు. వచ్చే శుక్రవారానికి టైమిచ్చారు.

ఇంటికొచ్చాక, టీ తాగుతూ, నా కొంప నేనే ముంచుకున్నాను.

"ఆ మిసనులో ఏటి సేస్తారండీ?" అని అడిగిందావిడ. అడిగింది మామూలుగానే. తెలియదని ఒక్క మాటంటే పోయేది. కానీ చీఫ్ కెమిస్టు తెలియదంటాడా?

"మనిషి ఒంట్లో ప్రతి అణువులోనూ ఒక బొంగరం ఉంటుంది," అన్నాను. "కోట్ల కోట్ల బొంగరాలు. పుట్టిన దగ్గర్నుంచీ గిర్రున తిరుగుతూనే ఉంటాయి. ఆ మిషను పెద్ద అయస్కాంతం. నువ్వు లోపలికి వెళ్ళగానే ఆ బొంగరాలన్నిటినీ ఒక్కసారిగా ఒడిసిపట్టి, పక్కకి పడదోసేస్తుంది. అవి గిలగిలా కొట్టుకుంటూ లేచేటప్పుడు కేకలు పెడతాయి. ఆ మోతే బయటికి వినపడేది."

దగ్గు కోసం ఎదురు చూశాను. ఎక్కడ దగ్గితే అక్కడ తగ్గించుకోవడం నాకు అలవాటు. రాలేదు. సైన్సు సంగతి కదా, ఈయనకి తెలిసే ఉంటుందనుకున్నట్టుంది. జన్మకో శివరాత్రన్నట్టు ఆ ఒక్కసారికి నమ్మింది.

తెల్లారి ఇడ్లీ పెడుతూ చెప్పింది.

"నాను రాను."

"ఎక్కడికి?"

"ఆ మిసనులోకి. ఒక కాలే కదా పోయింది. ఒంట్లో ఉన్న బొంగరాలన్నీ పడదోయించుకుని, అయ్యి మళ్ళీ ఎక్కడియక్కడ కూకోకపోతే ఏటండీ నా గతి? రెండో కాలూ, తలకాయా కూడా తిరగబడిపోవాలా?"

"ఒసే, అది నేను కొంచెం పెంచి చెప్పానే."

"ఎంత?"

"ఆ కేకల ముక్క పెంచాను."

"బొంగరాలో?"

నేను ఇడ్లీ తుంచుకున్నాను. అది నిజమో అబద్ధమో నాకే తెలియదు. ఎప్పుడో మిల్లులో ఓ ఇంజనీరుగారు టీ తాగుతూ చెప్పగా విన్న ముక్క అది. నా మొహం చూసి ఆవిడకి అర్థమైపోయింది.

"సూడండి, మీరు పెంచేరని నాకు తెలుసు. ఎంత పెంచేరో మీకే తెలీదు. అదీ నా బయం," అంది. "లోపల తిరిగేదేటి, ఎందుకు తిరుగుతాది, పడిపోయింది మళ్ళీ లెగుస్తాదో నేదో, కనుక్కుని సెప్పండి. నాకు దగ్గు రాకుండా సెప్పితే వస్తాను."

"శుక్రవారానికి టైమిచ్చారు కదా?"

"మార్పించండి."

ఎంత బతిమాలినా కదల్లేదు. పాస్టరుగారితో చెప్పించాలనుకున్నాను గానీ, ఏమని చెప్పించను? మా ఆవిణ్ణి నేనే భయపెట్టానని చెప్పించనా? ఫోను చేసి, ఆ రోజు నుంచి పదో రోజుకి టైము మార్పించాను. అంతకంటే ఎక్కువ ఆగొద్దని అవతలి వాళ్ళు గట్టిగా చెప్పారు. ఆ సాయంత్రం ఆవిడ గుమ్మం దాటుతూ ద్వారబంధం పట్టుకుని, ఎడమ కాలిని చేత్తో ఎత్తి ఇవతల పెట్టుకోవడం చూశాను. పది రోజుల్లో దీని అంతు తేల్చాలనుకున్నాను. మిల్లులో పరీక్షలు లేకుండా ఎక్కొచ్చినవాణ్ణి, డెబ్భై నాలుగో ఏట పరీక్షకి కూచున్నాను.

మా పై వాటాలో జూనియర్ కాలేజీ ఫిజిక్సు లెక్చరరమ్మ అద్దెకుంటోంది. బుచ్చయ్యపేట పిల్ల. నెమ్మదస్తురాలు. ఆమె కాలేజీ నుంచి రాగానే, పాత క్యాలెండరు కాగితాలు వెనక వైపు తిప్పి కుట్టిన పుస్తకం ఒకటి పట్టుకుని మేడెక్కాను.

"ఎలక్ట్రాను స్పిన్ గురించి నాకు చాలావరకు తెలుసమ్మా. ఒకటి రెండు సందేహాలున్నాయంతే," అన్నాను.

"చాలావరకంటే ఎంతవరకు, అంకుల్?"

"అది తిరుగుతుందని తెలుసు."

"తిరగదు," అందామె.

నేను మెట్టు మీద కూచున్నాను. ఆమె కుర్చీ తెచ్చింది గానీ నాకు మెట్టే బాగున్నట్టనిపించింది.

సంగతంతా చెప్పాను, బొంగరాలతో సహా. ఆమె నవ్వలేదు. ఎమ్మారైలో పని చేసేది ఎలక్ట్రాను కాదనీ, నీటిలో ఉండే హైడ్రోజన్ పరమాణువు నడిబొడ్డున ఉన్న ప్రోటాననీ చెప్పింది. కానీ రెంటికీ ఉన్న గుణం ఒకటే కాబట్టి ఎలక్ట్రానుతో మొదలెడితే తేలికంది. తేలికన్న మాట ఆమె కొంచెం పెంచి చెప్పిందని తర్వాత తెలిసింది.

మొదటి రోజు ఒకటే సంగతి. తిరిగే వస్తువుకి ఒక ఊపు ఉంటుంది. ఫ్యాను స్విచ్చి ఆపినా కాసేపు తిరుగుతూనే ఉంటుంది కదా, ఆ ఊపు. ఆమె పుస్తకంలో దానికి కోణీయ ద్రవ్యవేగమని పేరు. ఎలక్ట్రానుకి ఆ ఊపు ఉంది, కొలిచారు. సరే, ఊపుంది కాబట్టి బంతిలా తిరుగుతోందనుకుందాం. అంత చిన్న బంతికి అంత ఊపు రావాలంటే దాని అంచు వెలుతురు కంటే వేగంగా పరిగెత్తాలి. వెలుతురు కంటే వేగంగా ఏదీ పోలేదు. కాబట్టి తిరగడం లేదు.

"మరి స్పిన్, అంటే తిరుగుడని పేరెందుకు పెట్టారమ్మా?"

"మొదట్లో తిరుగుతోందనే అనుకున్నారు, అంకుల్. కాదని తేలేసరికి పేరు స్థిరపడిపోయింది. ఇక ఎవరూ మార్చలేదు."

ఇది మాత్రం నాకు చప్పున అర్థమైంది. ఊళ్ళో సగం మంది నన్ను ఇప్పటికీ కెమిస్టుగారనే పిలుస్తారు. నేనూ మార్చలేదు.

రెండో రోజుకి నాకు కోపం వచ్చింది. తిరగనిదానికి తిరిగే ఊపు ఉందనడం, వండని అన్నం కడుపు నింపిందనడంలా లేదూ? అదే అడిగాను. అది మాటవరసకి అన్నది కాదు, నిజంగా ఊపే, దానికి రుజువుందందామె. ఒక ఇనప కడ్డీని దారంతో వేలాడదీసి, దాని చుట్టూ ఉన్న తీగ చుట్టలో కరెంటు పంపితే కడ్డీ అయస్కాంతమవుతుంది. అయ్యేటప్పుడు లోపలి ఎలక్ట్రాన్ల ఊపంతా ఒక వైపుకి మళ్ళుతుంది. దానికి సరిపడా కడ్డీ మొత్తం తనంతట తాను రెండో వైపుకి రవ్వంత తిరుగుతుంది. లోపల ఉన్నది ఉత్త పేరే అయితే బయట కడ్డీ తిరగదు.

ఆ ప్రయోగం నేను మా డాబా మీద చేశాను. కడ్డీ గిర్రున రెండు చుట్లు తిరిగింది. మా చోడవరంలో ఆ ప్రయోగం చేసిన మొదటివాణ్ణి నేనే.

సరే, అది గాలికి తిరిగింది. ఆ తిరగడం కంటితో చూసేంత ఉండదనీ, అద్దాలూ వెలుతురూ పెట్టి ఎంతో ఓపికగా పట్టుకోవాలనీ లెక్చరరమ్మ తర్వాత చెప్పింది. ఫ్యూజు పోవడం మాత్రం ఎవరైనా చూసేంతే ఉంది.

"ఏటండీ, కరెంటు పోయింది?" అని కింద నుంచి మా ఆవిడ.

"వీధంతా పోయింది!"

దగ్గు మేడ మీదికి వినపడింది. దిగి ఫ్యూజు వేశాను.

మూడో సంగతి నన్ను నాలుగు రోజులు తిప్పలు పెట్టింది. బొంగరం నిటారుగా తిరగొచ్చు, కొంచెం ఒరగొచ్చు, బాగా ఒరగొచ్చు. ఎలక్ట్రాను అలా కాదు. నువ్వు ఏ దిక్కున నిలబడి అడిగినా అది రెండే జవాబులు చెబుతుంది, పైకి అని గానీ, కిందికి అని గానీ. మధ్యలో ఏమీ లేదు. పక్కకి తిరిగి అడిగితే, ఆ పక్కకి చూసుకుని మళ్ళీ ఆ రెంటిలోనే ఒకటి చెబుతుంది. ఊపు ఎంతంటే ప్రతి ఎలక్ట్రానుదీ ఒకటే కొలత. పెంచలేం, తగ్గించలేం, ఆపలేం.

"పెంచలేమా?" అన్నాను.

"మీరు కూడా పెంచలేరు, అంకుల్," అంది లెక్చరరమ్మ. నా సాక్ష్యాల సంగతి ఆమె దాకా వెళ్ళిందన్నమాట.

నాలుగు రోజులూ ఆ రెండు జవాబుల్ని మింగలేక, కక్కలేక తిరిగాను. పొద్దున్నే లేచి కాగితం ముందు కూచోవడం, బాణాలు గీయడం, కొట్టెయ్యడం. మా ఆవిడ కాఫీ పెట్టి వెళ్ళేది. ఎంతవరకు వచ్చిందని అడిగేది కాదు. నేనూ చెప్పేవాణ్ణి కాదు. ఆరో రోజు ఆవిడ కుక్కరు ఎత్తబోయి కాలు ఆనక పక్కకి ఒరిగింది. నేను పట్టుకున్నాను. కుర్చీలో కూచోబెట్టి, కుక్కరు నేనే దించాను. నేను మళ్ళీ కాగితం ముందుకొచ్చి కూచున్నాను. అర్థం కాలేదు కాబట్టి వదిలేస్తానని మనసులో మొదలైన మాటని అక్కడే తొక్కేశాను.

ఏడో రోజు నా పాత యంత్రం గుర్తొచ్చింది. అన్నాళ్ళు అదెందుకు తట్టలేదో తెలియదు. దాని ముందు నేను కూచున్నది ఇరవై నాలుగేళ్ళు.

చెరుకు రసాన్ని వడకట్టి తేట చేసి, పొడుగాటి గాజు గొట్టంలో పోసి, యంత్రంలో పెడతాం. ఒక పక్క నుంచి ఒకే వాటున ఊగే వెలుతురు వస్తుంది. రసం దాటేసరికి ఆ వాటు కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. ఎంత తిరిగిందో మర తిప్పి చూస్తే రసంలో పంచదార ఎంతో తెలిసిపోతుంది. పనిలో కూచున్న మొదటి రోజు నేను గొట్టం ఊపి చూశాను. తిప్పి పెట్టి చూశాను. అటుది ఇటు పెట్టి చూశాను. ఎలా పెట్టినా లెక్క అదే. గొట్టంలో ఏదీ తిరగడం లేదు. రసం కదలకుండా నిలబడి ఉంది. అయినా వెలుతురు తిరిగి బయటికొస్తోంది. తిరగకుండానే తిప్పే గుణమొకటి పంచదారలో ఉందని ఇరవై నాలుగేళ్ళు నా కంటితో నేను చూశాను, పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. ఏ రోజూ నిద్ర పాడు చేసుకోలేదు. ఎలక్ట్రాను విషయంలో ఎందుకు గింజుకుంటున్నానట?

ఒక్క గెంతులో మేడ మెట్లన్నీ ఎక్కాను. రెండు చోట్ల ఆగాను.

లెక్చరరమ్మ శ్రద్ధగా విని, "పోలిక బాగుంది గానీ అంతవరకే, అంకుల్," అంది. "పంచదారకి ఆ గుణం దాని అణువు మెలికల వల్ల వచ్చింది. ఎలక్ట్రానుకి మెలికలూ లేవు, లోపల వేరే భాగాలున్నట్టూ ఎవరికీ కనపడలేదు. బరువు ఎలా ఉందో, కరెంటు గుణం ఎలా ఉందో, ఇదీ అలాగే ఉంది. పుట్టుకతో వచ్చింది."

"ఎలా ఉంటుందో బొమ్మ గీయమ్మా."

ఆమె నా పెన్ను తీసుకుంది. కాగితం మీద పెట్టింది. మళ్ళీ తీసేసింది.

"గీయలేను. లెక్క కట్టమంటే కడతాను, సరిగ్గా వస్తుంది. బొమ్మ మాత్రం నాకే కాదు, ఎవరికీ రాదు. క్లాసులో బాణం గీస్తాను. టైము లేనప్పుడు బొంగరమనే చెప్పేస్తాను," అంది, కొంచెం సిగ్గుపడుతూ.

చూశారా, ఒప్పేసుకునే జబ్బు అంటువ్యాధి లాంటిది.

దిగొచ్చేముందు ఆమె ఇంకో వింత చూపించింది. అరచేతిలో పళ్ళెం పెట్టుకుని, పళ్ళెం ఒరగకుండా చంక కింద నుంచి ఒక చుట్టు తిప్పితే చెయ్యి మెలిపడి పోతుంది. అక్కడ ఆపకుండా అదే వైపుకి తల మీదుగా ఇంకో చుట్టు తిప్పితే చెయ్యి మామూలైపోతుంది. మనకి ఒక చుట్టుకే మొదటికొచ్చినట్టు. ఎలక్ట్రాను లెక్కలో రెండు చుట్లయితే గానీ మొదటికి రాదట. స్కానింగుకి దీనితో పనిలేదు. కానీ నేర్చుకున్నది చూపించకుండా ఉండలేను కదా. ఇంటికొచ్చి చూపించబోతే మొదటి చుట్టులోనే పళ్ళెంలో ఉన్న చేగోడీలు నేల మీద పడ్డాయి. మా ఆవిడ కుర్చీలో కూచునే పళ్ళెం అందుకుని, చేగోడీలతో సహా, ఒక్కటి జారకుండా రెండు చుట్లూ తిప్పి, నా చేతికిచ్చింది.

"ఇందులో ఏటుందండీ?" అంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, అన్నాలయ్యాక, ఆవిడ చాప మీద కూచుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను క్యాలెండరు పుస్తకం పట్టుకుని ఎదురుగా కూచున్నాను. చర్చిలో ఎన్నిసార్లు లేచి నిలబడ్డానో లెక్కలేదు. అప్పుడెప్పుడూ కాగితం చూసుకోలేదు.

"ముందు ఒకటి. బొంగరాలు లేవు," అన్నాను.

"ఉన్నాయన్నారు?"

"అన్నాను. తప్పు. నీ ఒంట్లో ఎక్కువ ఉన్నది నీళ్ళు. ఆ నీళ్ళలో ప్రతి చిన్న తునకకీ పుట్టుకతో ఒక గుణం ఉంది. తిరిగే వస్తువుకుండే ఊపు లాంటి గుణం. కానీ అది తిరగదు."

"తిరక్కండా ఊపెలా వస్తాది?"

"చెబుతాను. మధ్యలో అడ్డు రాకు. ఆ గుణం వల్ల అది పిసరంత అయస్కాంతంలా ఉంటుంది. ఆ మిషనులో అడిగితే రెండే జవాబులు. మిషను వాటుకి కొన్ని అటు, కొన్ని ఇటు. ఇంచుమించు సగం సగం. మన చర్చిలో మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు కూచుంటారు చూడు, అలా. రెండు వైపులా సమానమైతే ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏమీ తెలియదు. పది లక్షల్లో ఏ కొన్నో ఒక వైపు ఎక్కువుంటాయి. ఆ మిషను వినేది ఆ మిగులు గొంతునే."

"అంతేనా? అన్నిటినీ పడదోయదా?"

"పడదోయదు. రేడియో లాంటి పిలుపొకటి పంపుతుంది. దాంతో ఆ మిగులు దిక్కు కొంచెం వంగుతుంది. ఆ దిక్కు తిరుగుతుంది, అది ఒప్పుకోవాలి. వస్తువు తిరగదు, దిక్కు తిరుగుతుంది. పిలుపు ఆపగానే మళ్ళీ మొదటిలాగే సర్దుకుంటుంది. సర్దుకునేటప్పుడు చిన్న జవాబిస్తుంది. ఏ చోటి నీళ్ళు ఎంతసేపటికి సర్దుకున్నాయో చూసి బొమ్మ కడతారు. నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. చుక్క కూడా చోటు మారదు."

"కేకలో?"

"ఆ మోత మిషనుదే. లోపలి తీగ చుట్టలు అదిరే చప్పుడు. చెవుల్లో పెట్టుకోడానికి దూది ఇస్తారు."

ఆవిడ చింతపండు పక్కన పెట్టింది. "నా ఒంట్లో నీళ్ళంటే, మరి రైవాడ నీళ్ళే కదండీ?" ఆవిడ పుట్టిల్లు దేవరాపల్లి. రైవాడ రిజర్వాయరు వాళ్ళ పక్కనే. నలభై ఎనిమిదేళ్ళ కిందట వచ్చినా, ఊరి పేరెత్తితే వెన్ను నిటారవుతుంది.

"చాలావరకు అవేననుకుంటా."

"మా ఊరి నీళ్ళు ఎవడి మాటా ఇనవు," అందావిడ. వెంటనే, "సరే గానీ, తిరక్కండా ఊపెందుకొచ్చిందో సెప్పనేదు," అంది.

నేను పుస్తకం తిరగేశాను. అందులో ఏముందో నాకు తెలుసు. ఏమీ లేదు. పంచదార సంగతి చెప్పి ఒప్పించెయ్యొచ్చు. ఆవిడకి పోలికలో లొసుగు తెలియదు. నోటి దాకా వచ్చింది కూడా.

"నాకు తెలియదు," అన్నాను. "పై వాటా అమ్మాయికీ బొమ్మ గీయడం తెలియదు. లెక్క కట్టడం తెలుసు, లెక్క తప్పకుండా వస్తుందని తెలుసు. లోపల చూడ్డానికి ఎలా ఉంటుందంటే, ఎవరికీ తెలియదట."

దగ్గు కోసం చూశాను. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది.

"ఇంకోపాలి అనండి."

"ఏది?"

"తెలీదన్న మాట."

"నాకు తెలియదు."

ఆవిడ చింతపండు మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "రేపు ఎన్నింటికెల్లాలి?" అంది.

మర్నాడు పెందరాళే కారు మాట్లాడుకుని విశాఖపట్నం వెళ్ళాం. స్కానింగు గది ముందు నగలు, గడియారం, జడపిన్నులు అన్నీ తీసెయ్యమన్నారు. పెళ్ళి ఉంగరం సబ్బు రాస్తే గానీ రాలేదు. అది నా చిటికెన వేలికి పెట్టుకున్నాను. మిషను పెద్ద తెల్లటి పీపాలా ఉంది, నడుమ మనిషి పట్టేంత రంధ్రం. దాన్ని చూసి ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నా ధైర్యం కూడా సగానికి దిగింది. సగమని రాశాను, పూర్తిగా దిగింది.

టెక్నీషియను కుర్రవాడు మంచివాడు. నవ్వు మొహం. బల్ల మీద పడుకోబెట్టి, "భయమేం లేదు మామ్మగారూ," అన్నాడు.

"బాబూ, లోపల ఏటి తిరుగుతాది?" అని అడిగింది మా ఆవిడ.

"మీ ఒంట్లో అణువులన్నీ బొంగరాల్లా తిరుగుతుంటాయి మామ్మగారూ. మాగ్నెట్టు వాటన్నిటినీ పట్టుకుని..."

ఆవిడ దగ్గింది. చిన్న పొడి దగ్గు.

కుర్రవాడు కంగారు పడ్డాడు. "దగ్గుందా మామ్మగారూ? లోపల అస్సలు కదలకూడదు. దగ్గొస్తే బొమ్మ చెడిపోతుంది."

"నేదు బాబూ. ఇక రాదు. పెట్టు," అని కళ్ళు మూసుకుంది.

నన్ను బయట కూచోబెట్టారు. తలుపు వెనక నుంచి దబదబమని మోత మొదలైంది. తీగ చుట్టలే, తీగ చుట్టలే అని నాకు నేను చెప్పుకుంటూ, ఆవిడ చెప్పులు రెండూ నా కాళ్ళ దగ్గర పెట్టుకుని కూచున్నాను. ఎంతసేపో చెప్పను. చెబితే పెంచుతాను.

బయటికి తీసుకొచ్చాక అడిగాను, ఎలా ఉందని.

"ఎక్కడియక్కడే ఉన్నాయి," అందావిడ. "ఒక్క చుక్క కదల్నేదు."

వెన్నులో రెండు ఎముకల మధ్య మెత్తటిది జారి నరాన్ని నొక్కుతోందని ఆ బొమ్మలో తేలింది. నెల తిరక్కముందే ఆపరేషను చేశారు. కాలు కొంచెం కొంచెంగా తిరిగొస్తోంది. ఇంకా పూర్తిగా రాలేదు, ఎంతొస్తుందో డాక్టరు గట్టిగా చెప్పడం లేదు. కానీ మొన్న బజారులో ఎడమ చెప్పు మళ్ళీ జారింది. ఈసారి ఆవిడ అడుగు వేసి, ఆగి, కిందికి చూసుకుంది.

ఆదివారం నేను సాక్ష్యానికి లేచాను. "ఒక్క అడుగు," అన్నాను. "చెప్పు జారాక ఒక్కటే అడుగు వేసింది. కాలికి తెలిసిపోయింది."

ఆడవాళ్ళ వైపు నుంచి దగ్గు వచ్చింది.

రెండడుగులు వేసింది.